కొండపల్లి దుర్గము, కొల్లేటికోట

ముదినేపల్లి, కైకలూరు, మండవల్లి ప్రాంతములవారికి కొండ యనునది దూరపు వస్తువు. ఎటు చూచినను సమతలమైన నేల, వరిచేలు, చేపలచెరువులు, కాలువగట్లమీద తాటిచెట్లు. ఆకాశము నేలను తాకుచోట నల్లగా నేదైన కనబడినచో నది మేఘమే కాని కొండ కాదు. ఇట్టి దేశమునందు పుట్టి పెరిగినవారికి కోట యనగానే మనసున తోచునది సినిమాలలో చూచిన గోలకొండయో, పుస్తకములలో బొమ్మగా చూచిన ఐరోపా దుర్గమో కావచ్చును. కాని యీ పల్లపు దేశమునకు సైతము రెండు కోటలతో దగ్గర సంబంధమున్నది. ఒకటి కొల్లేటి నడుమ నీటిలోని కోట. రెండవది బెజవాడకు పడమట కొండమీది కోట. ఈ రెండింటిని కలుపు నీటిదారి యొకటి కలదు. దానిని బుడమేరని అందురు. మైలవరము, కొండపల్లి కొండలమీద కురిసిన వాన బుడమేరుగా క్రిందికి దిగి, పల్లపు పొలముల మీదుగా వచ్చి కొల్లేటిలో కలియును. 2024 సెప్టెంబరులో ఆ యేరు పొంగి విజయవాడలో ఎన్ని వీధులను ముంచినదో శ్రోతలకు జ్ఞాపకముండకపోదు. కావున కొండకోట మీద పడిన చినుకు నీటికోటకు చేరుచున్నదని చెప్పిన అతిశయోక్తి కాదు.

మన పూర్వులు దుర్గములను గిరిదుర్గము, జలదుర్గము, వనదుర్గము, స్థలదుర్గము అని విభజించి చెప్పిరి. శత్రువునకు అడ్డమేది యను ప్రశ్నకు ఆ పేళ్లే సమాధానము. కొండ అడ్డమైన గిరిదుర్గము, నీరు అడ్డమైన జలదుర్గము, అడవి అడ్డమైన వనదుర్గము. ఏ అడ్డమును లేక మట్టికట్టతోను అగడ్తతోను సరిపెట్టుకొన్నది స్థలదుర్గము. ఏలూరి కోట ఇట్టి స్థలదుర్గమే. దాని జాడ నేడు కోటదిబ్బ యను పేరున మిగిలియున్నది. ఆ కోటకు కావలసిన రాళ్లను పెదవేగి పాడుదేవాలయములనుండి తెచ్చిరని చెప్పుకొందురు. పెదవేగి శాలంకాయనులకును, తరువాత తూర్పు చాళుక్యులకును రాజధానియై వెలసిన పట్టణము. ఒక రాజధాని రాళ్లు మరియొక కోటగోడలగుట మన దేశమున క్రొత్తయు కాదు, వింతయు కాదు.

ముందుగా నీటికోటను చూతము. కైకలూరునకు దక్షిణమున కాక, ఉత్తరముగా కొల్లేటి వైపు పోయినచో కొల్లేటికోట యను గ్రామము వచ్చును. సరస్సు నిండుగా నున్న దినములలో అదియొక లంక. అక్కడ పెద్దింట్లమ్మ వారి ఆలయమున్నది. ఆమెను జలదుర్గ యనికూడ కొలుతురు. జలదుర్గము నేలిన దేవత జలదుర్గ యగుట ఎంత చక్కగా కుదిరినదో చూడుడు. ఫాల్గుణ మాసమున జాతర జరుగును. చుట్టుపట్ల నూళ్లవారు బండ్లమీదను, పడవలమీదను పోవుచుండెడివారు. నేడు మోటారులమీద పోవుచున్నారు. ఆ యూరిలో నిలిచియున్న కోటగోడ యేదియు చెప్పుకోదగినది లేదు. ఉన్నది పేరు, ఐతిహ్యము మాత్రమే.

ఆ ఐతిహ్య మిట్టిది. ఓఢ్రదేశపు గజపతుల కాలమున వారి పక్షమున కొల్లేటికోటను కాపాడుచుండిరట. శత్రుసేన సరస్సు ఒడ్డున చిగురుకోటకడ విడిసినది. నడుమ నీరు. పడవలతో పోయిన కోటలోనివారు బాణములతో ముంచుదురు. వేచియున్న కోటలోనివారికి ఆకలి లేదు, సరస్సు నిండ చేపలే. అప్పుడు శత్రుసేనాని యొక ఉపాయము పన్నెను. సరస్సునుండి సముద్రమునకు కాలువ త్రవ్వి, నీటిని తీసివేసి, ఎండిన నేలమీద నడచి పోవలయునని తలచెను. త్రవ్వించిన కాలువయే ఉప్పుటేరు. కాని ఆ కాలువ పారవలెనన్న బలి కావలసివచ్చెనట. సేనాని తన కన్నకూతురినే బలి యిచ్చెను. అందుచేతనే ఆ చోటికి పేరంటాల కనుమ యను పేరు కలిగినదని చెప్పుదురు. నీరు తీసెను, కోట పడెను.

చరిత్రకారునిగా నీ కథను యథాతథముగా నమ్మజాలము. ఉప్పుటేరు సుమారు 60 కిలోమీటర్ల పొడవున వంకరలు తిరుగుచు సముద్రమునకు పోవు ఏరు. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు లోనికి వచ్చును, పాటు వచ్చినప్పుడు సరస్సునీరు వెలికి పోవును. కృష్ణా గోదావరుల రెండు డెల్టాల నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు. పల్లములో చేరిన నీరు తనకు తానే సముద్రమునకు దారి చూచుకొన్నది. దండు విడిసిన ఏ సేనానియు పారలతో పలుగులతో అంతటి ఏటిని త్రవ్వింపలేడు. పూడిపోయిన ముఖమును త్రవ్వి లోతు చేయించినాడన్నచో నమ్మవచ్చును. అయినను ఈ కథలో నాకు సత్యముగా తోచునది యొకటి యున్నది. జలదుర్గమునకు ప్రాణము నీరు. నీరు తీసిన కోట లేదు. ఆ మాట తెలిసినవారే ఆ కథ నల్లిరి. ఇక ఆ బాలిక మాట. గెలిచిన సేనాని పేరు ఎవరికిని జ్ఞాపకము లేదు. ఓడిన దొర పేరు సరిగా తెలియదు. ఆమె కన్న తండ్రి చేసిన పనిని జనులు మెచ్చుకొని పాటలు కట్టలేదు. ఆమెను మాత్రము పేరంటాలని పిలిచి ఏటి కనుమకు పేరు పెట్టుకొనిరి. ఏ పక్షపు బిడ్డయో విచారింపలేదు.

ఇప్పుడు కొండకు పోదము. విజయవాడకు వాయవ్యముగా, ఇబ్రహీంపట్టణము దాటగానే కొండపల్లి. దానిని 14వ శతాబ్దిలో కొండవీటి రెడ్డిరాజుల కాలమున కట్టిరని చెప్పుదురు. 1323లో ఓరుగల్లు పడిపోయి, కాకతీయ ప్రతాపరుద్రుడు చెరపట్టబడిన పిమ్మట, తెలుగుదేశమున చెల్లాచెదురైన నాయకులందరికిని తోచిన మొదటిపని కోట కట్టుట. అద్దంకిని రాజధానిగా చేసికొని ప్రోలయ వేమారెడ్డి నిలిచెను. ఆయన కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చెను. మైదానమునందలి పట్టణమును విడిచి కొండమీదికి ఎక్కుట ఆనాటి భయమునకు కొలమానము. ఈ రెడ్డిరాజ్యముల చరిత్రను మల్లంపల్లి సోమశేఖరశర్మగారు శాసనములను ఒక్కొక్కటిగా పరిశీలించి 1948లో గ్రంథముగా వెలయించిరి. ఆ గ్రంథము లేకున్న నేడు మనము ఆ కాలమును గూర్చి చాటుపద్యములతోనే సరిపుచ్చుకొనవలసియుండెడిది.

కొండపల్లి పేరును గూర్చి యొక చిన్న కథ యున్నది. కొండడను గొల్లవాడు ఈ చోటును చూపినాడనియు, అతని పేరున కొండపల్లి యైనదనియు అందురు. కొండ దాపుననున్న పల్లె కొండపల్లి యగుటకు గొల్లవాని సాయ మక్కరలేదు. అయినను ప్రతి కోటకును ఒక గొల్లవాడు కావలయును. గోలకొండకును ఇట్టి కథయే కలదు. కొండమీద ఏ మూల నీరున్నదో, ఏ దారిని మేక ఎక్కునో పశువుల కాపరికి తెలిసినంత రాజునకు తెలియదు గదా.

క్రిందినుండి పైకి పోవు దారిలో ఒకదాని వెనుక నొకటిగా మూడు ద్వారములు వచ్చును. వానిలో ముఖ్యమైనది దర్గా దర్వాజా. ఒక్కొక్క రాయి నిలువునకు నిలిపి, పైన రాతిదూలము పెట్టి కట్టిన ద్వారమది. సుమారు 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల ఎత్తు ఉండునని చెప్పుదురు. ఇక్కడ జరిగిన పోరులో మడిసిన గరీబు సాహెబు దర్గా సమీపమున నుండుటచే ఆ పేరు వచ్చినది. కోటకు వేరొక కొసన గోలకొండ దర్వాజా యున్నది. అది జగ్గయ్యపేట వైపు పోవు దారి. ఈ రెండు పేళ్లను వినిన చాలును. ఒక దారి సముద్రతీరపు సీమకు, ఒక దారి గోలకొండకు. కొండపల్లి ఎవరి చేతిలోనున్న వారికి ఈ రెండింటి నడుమ రాకపోకలన్నియు చేజిక్కినవన్న మాట. ఈ దారిని పట్టుటకే యింత రక్తము కారినది.

మూడు ద్వారము లేల, ఒకటి చాలదా యని యడుగవచ్చును. కోటవాకిలి తెరచుటకును మూయుటకును కాదు, శత్రువును ఆలస్యము చేయుటకు. మొదటి ద్వారమును పగులగొట్టినవాడు ఇరుకుదారిలో పడును. ఆ దారికి పైన బురుజులుండును. ఏనుగు పరుగెత్తి తలతో పొడువవలెనన్న చోటు లేదు. వెనుకవారు ముందునకు త్రోయుచుందురు; ముందువారికి రెండవ ద్వారము మూసియుండును. పైనుండి రాళ్లు దొర్లించువానికి పెద్ద విలుకాడై యుండవలసిన పనిలేదు.

దారి రెండు శిఖరముల నడుమ జీనుపల్లము వంటి చోటికి చేరును. అక్కడ రాజమహలున్నది. దానిని తానీషా మహలని పిలుతురు. అబుల్ హసన్ తానీషా గోలకొండను 1672 మొదలు 1687 వరకు ఏలిన కడపటి కుతుబ్ షాహి ప్రభువు. మహలు క్రింది అంతస్తున కమానులతో కూడిన అనేకములగు గదులున్నవి. పై అంతస్తున విశాలమైన కొలువుచావడి యుండెడిది. కమానుల వంపు, సున్నపుపని చూచినవారికి ఇది రెడ్డిరాజుల చేతిపని మాత్రమే కాదని తెలియును. రెడ్లు పేర్చిన రాతిమీద గజపతులు, బహమనీలు, కుతుబ్ షాహీలు ఒకరి వెనుక నొకరు తమ గోడలను లేపిరి. కోట యనునది ఒకనాడు కట్టి ముగించు కట్టడము కాదు. పల్లెలో పాతయింటికి తరతరమునకు ఒక వసారా దించినట్లు, ఏలినవాడెల్ల తన అవసరమును చేర్చుచుండును.

మహలునకు దాపుననే లోతైన కోనేరు. దానిలోని నీరు కొండ ఊటలనుండి వచ్చును. మిక్కిలి చల్లన. త్రాగినవారికి జ్వరము వచ్చునని పాతకాలపు దొరలు వ్రాసిపెట్టిరి. నీటిదోషమో, అడవి దోమల దోషమో వారికి తెలియలేదు. దోమ జ్వరమును తెచ్చునను సంగతి 1897లో సికింద్రాబాదులోనే రోనాల్డు రాసు కనిపెట్టువరకు ఎవరికిని తెలియదు గదా. కోనేటిని దాటి పోయిన ధాన్యపుకొట్టు వచ్చును. నేడది గబ్బిలముల కొట్టు. ఆ పైని శిఖరముల వెంబడి కోటగోడ బురుజులతో మెలికలు తిరుగుచు పోవును. మహలును చూచి మెచ్చుకొని తిరిగివచ్చువారే ఎక్కువ. నన్నడిగిన కోనేరును, ధాన్యపుకొట్టును చూడనివారు కోటను చూడనట్లే. గోడ శత్రువును ఆపును, కాని లోపలివారిని బ్రతికించునవి ఆ రెండే.

ఇక్కడ కొంచెము ఇటలీ దేశమునకు పోయివత్తము. దక్షిణ ఇటలీలో అపూలియా సీమయందు ఒక గుట్టమీద కాస్తెల్ దెల్ మోంతె యను దుర్గమున్నది. రెండవ ఫ్రెడరికు చక్రవర్తి 1240 ప్రాంతమున దానిని కట్టించెను. ఎనిమిది కోణముల కట్టడము. ఒక్కొక్క కోణమున ఎనిమిది పలకల బురుజు. క్రింద ఎనిమిది గదులు, పైన ఎనిమిది గదులు. నడుమ ఎనిమిది కోణముల ముంగిలి. శిల్పి వృత్తలేఖినితో కాగితముమీద గీచిన బొమ్మ రాతిగా మారినట్లుండును. పైకప్పుమీద పడిన వానను తొట్లలో నిలువచేయు ఏర్పాటు కలదు. కాని అగడ్త లేదు. ఇది యుద్ధమునకు కట్టినదా, వేటకు కట్టినదా, కేవలము చక్రవర్తి దర్పమునకు కట్టినదా యని పండితులు నేటికిని వాదించుకొనుచున్నారు. ఇటలీవారి ఒక సెంటు యూరో నాణెముమీద దాని బొమ్మ నచ్చువేసిరి.

ఆ చక్రవర్తి డేగలతో వేటాడుటను గూర్చి గ్రంథము వ్రాసినవాడు. సరిగా ఆ కాలముననే మనదేశమున కాకతీయ గణపతిదేవుడు రాజ్యము చేయుచుండెను. ఆయన మోటుపల్లి రేవున ఓడవర్తకులకు అభయశాసనము నిచ్చినది 1244 ప్రాంతమున. ఆయన గజసైన్యాధిపతి జాయప సేనాని కృష్ణాముఖమునందలి దివిసీమవాడు. నృత్తరత్నావళి యను నాట్యగ్రంథమును రచించెను. అక్కడ డేగ, ఇక్కడ నాట్యము. ఆ శతాబ్దిని ఉభయదేశములందును కత్తిమాత్రమే ఏలినదనుకొనుట పొరపాటు. ఆ శతాబ్ది చివరనే వెనిసు పట్టణపు వర్తకుడు మార్కో పోలో మోటుపల్లి రాజ్యమును గూర్చి, దానిని చక్కగా పాలించిన రాణిని గూర్చి తన గ్రంథమున ప్రశంసించెను. ఆమె రుద్రమదేవి యని చరిత్రకారుల అభిప్రాయము.

కొండపల్లిలో ఎనిమిది కోణముల లెక్క యేదియు లేదు. కొండ యెట్లు వంగిన గోడ యట్లు వంగినది. లోయ యున్నచోట గోడ తక్కువ, వాలున్నచోట గోడ ఎక్కువ. ఇటలీ దుర్గమును చూచిన ఆశ్చర్యము కలుగును; దీనిని చూచిన, దీనిని కట్టినవాడు ఈ కొండను కాలినడకన ఎన్నిమారులు చుట్టివచ్చెనో యని తోచును. అయితే కడపటి గతి మాత్రము రెండింటికిని ఇంచుమించుగా నొక్కటియే. ఫ్రెడరికు చనిపోయినది 1250లో. 1266లో అతని కుమారుడు మాన్ఫ్రెదు యుద్ధమున కూలగా, ఆ మాన్ఫ్రెదు బిడ్డలను ఆ దుర్గముననే దీర్ఘకాలము చెరనుంచిరి. తాత కట్టిన అందమైన మేడ మనుమలకు బందిఖానా యయ్యెను.

కొండపల్లికి మరలుదము. 15వ శతాబ్ది నడుమ ఓఢ్ర గజపతి కపిలేశ్వరుడు తీరాంధ్రమును జయించెను. ఆయన పిమ్మట బహమనీ సుల్తానులు రాజమహేంద్రవరమును, కొండపల్లిని పట్టిరి. ఈ ఘట్టముననే కొండపల్లి చరిత్రలో మిక్కిలి విషాదకరమైన సంగతి జరిగినది. అది కోటముట్టడి కాదు, ఒక ఉత్తరము.

మహమూదు గవాను పారసీకదేశమున గీలాను సీమలో పుట్టెను. వర్తకుడుగా బీదరునకు వచ్చి, తన బుద్ధిబలముచే బహమనీ రాజ్యమునకు ప్రధానమంత్రి యయ్యెను. బీదరులో నేటికిని శిథిలముగా నిలిచియున్న గొప్ప విద్యాలయము 1472లో ఆయన కట్టించినదే. ఆయన చేసిన సంస్కారములలో నొకటి కోటలకు సంబంధించినది. అంతకుముందు ఒక్కొక్క రాష్ట్రాధిపతి తన రాష్ట్రమునందలి కోటలన్నిటిని తన చేతనే పెట్టుకొనెడివాడు. కోటలు చేతనున్నవానికి సుల్తాను మాట వినవలసిన అగత్యమేమి? గవాను నాలుగు రాష్ట్రములను ఎనిమిదిగా విభజించి, ఒక్కొక్క అధిపతికి ఒక్క కోట మాత్రము విడిచి, తక్కినవానికి సుల్తానే నేరుగా దుర్గాధిపతులను నియమించునట్లు చేసెను. కాగితముమీద నిది చిన్నమార్పు. కాని దీనిచే తెలంగాణాధిపతి హసను నిజాముల్ముల్కు వంటి పెద్దల బలము సగమునకు తగ్గిపోయెను. గవానునకు శత్రువులు పుట్టుటకు వేరు కారణము వెదకనక్కరలేదు.

తరువాతి కథను ఫిరిష్తా యను చరిత్రకారుడు వివరముగా చెప్పెను. గవాను ముద్ర నుంచుకొను సేవకుని శత్రువులు కానుకలిచ్చి మచ్చిక చేసికొనిరి. అతడు త్రాగి మైమరచియున్న వేళ మడతపెట్టిన తెల్లకాగితమును చూపి ముద్ర వేయించుకొనిరి. దానిమీద గవాను గజపతి పురుషోత్తమునకు వ్రాసినట్లుగా నొక ఉత్తరమును కల్పించిరి. సుల్తాను త్రాగుబోతు, ప్రజలు విసిగియున్నారు, నీవు దండెత్తి రమ్ము, రాజ్యమును మన మిరువురమును పంచుకొందము అనునది దాని సారాంశము. 1481 మార్చిలో సుల్తాను మూడవ మహమ్మదు షా కంచిమీదికి దండెత్తిపోయి, తిరిగి కొండపల్లి చేరియుండెను. అక్కడ నీ యుత్తరమును ఆయన యెదుట చదివిరి. ఆ వేళ ఆయనయు త్రాగియే యుండెనట.

సుల్తాను గవానునకు కబురంపెను. మిత్రులు పోవలదనిరి; గుఱ్ఱపుదళము సిద్ధముగా నున్నదనియు గుజరాతునకు దాటిపోవచ్చుననియు చెప్పిరి. తాను తప్పు చేయలేదు గనుక పారిపోవలసిన పనిలేదని ఆ వృద్ధుడు బయలుదేరెను. అప్పటికాయనకు ఏబదియేండ్లు దాటుట కాదు, డెబ్బదియేండ్లు దాటినవి. ప్రభుద్రోహికి శిక్షయేమని సుల్తాను అడిగెను. కత్తియేనని గవాను చెప్పెను. ఉత్తరమును చూపగా, ముద్ర తనదే కాని వ్రాత తనది కాదనెను. సుల్తాను మరి విచారింపలేదు. సేవకునకు సైగచేసి లోనికి పోయెను. 1481 ఏప్రిల్ 5వ తేదీన మహమూదు గవాను శిరస్సు నేల రాలెను. తరువాత ఆయన ఆస్తిని వెదకగా సొంతమునకై దాచుకొన్నది మిక్కిలి స్వల్పము. వచ్చిన ధనమును ఆయన బీదలకును, కొలువునకును వెచ్చించుచుండెననియు, తాను చాపమీద పరుండి మట్టికుండలో వండుకొనెడివాడనియు తెలిసెను. సుల్తాను పశ్చాత్తాపముతో క్రుంగి సంవత్సరమైన తిరుగకుండ, 1482 మార్చిలో చనిపోయెను.

ఇంతటితో కథ ముగియలేదు. నిజాముల్ముల్కు 1486లో హత్యకు గురియయ్యెను. అతని కుమారుడు మాలికు అహమదు 1490లో స్వతంత్రుడై అహమదునగర రాజ్యమును స్థాపించెను. బిజాపురము, బీరారు, గోలకొండ వరుసగా విడిపోయినవి. రాష్ట్రాధిపతుల చేతులనుండి కోటలను తప్పించిన మంత్రిని చంపిన పిమ్మట, రాష్ట్రాధిపతులు ఆ కోటలనే రాజధానులుగా చేసికొనిరి. ఇంత చక్కని రాతికోటలోని సింహాసనమును త్రాగిన సేవకుడొకడు వేసిన ముద్ర కూల్చినది. ఏ ఫిరంగియు చేయజాలని పని యది.

గోలకొండ సుల్తానుల చేతికి రాకముందు కొండపల్లి మరల గజపతులదై, ఆపైన విజయనగరముచే జయింపబడెను. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని, 1515 జూనులో కొండవీటిని పట్టి, కృష్ణను దాటి కొండపల్లిని ముట్టడించెను. కొన్ని మాసములు పట్టినది. లోపల గజపతి ప్రతాపరుద్రుని దేవేరులలో నొకతెయు, ఒక కుమారుడును, పలువురు సామంతులును బందీలుగా చిక్కిరని పోర్చుగీసు వర్తకుడు నూనిజు వ్రాసెను. ధాన్యపుకొట్టు ఖాళీయగువరకు గోడ నిలిచినది, ఖాళీయైన పిమ్మట నిలువలేదు. 1516 మార్చి చివరకు రాయలు సింహాచలము చేరి స్వామికి కానుకలు సమర్పించినట్లు అక్కడి శాసనమే చెప్పుచున్నది. కొండపల్లి పడిన పిమ్మట కళింగమునకు దారి ఎట్లు తెరచుకొన్నదో ఈ తేదీలను వరుసగా చూచిన తెలియును. తుదకు గజపతి సంధి చేసికొని కూతురునిచ్చెను.

కుతుబ్ షాహీల పాలనలో కొండపల్లి ఒక సర్కారునకు ముఖ్యస్థానము. 1687లో గోలకొండతో పాటు మొగలాయీల వశమై, పిమ్మట నైజాములదయ్యెను. కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రి, చికాకోలు, గుంటూరు అను సర్కారులే ఉత్తర సర్కారులు. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలము వీనిని ఇంగ్లీషు కంపెనీకి ఫర్మానుగా నిచ్చెను. ఫర్మాను చేతికి వచ్చినను కోట చేతికి రాలేదు. 1766 మార్చి 10వ తేదీన జనరలు కాయిలో సేన కొండపల్లిని ఎక్కి పట్టినది. నైజాముతో సంధి కుదిరినది ఆ నవంబరు 12న. 1767లో కావలియింటికి శంకుస్థాపన చేసి రాతిమీద ఆయన పేరు చెక్కించిరి. ఎనిమిది పెద్దగదుల సిపాయి లాయములను, బంగళాను కట్టిరి. కొంతకాలము సైనికులకు ఇక్కడ శిక్షణ నిచ్చిరి. యుద్ధము రాలేదు కాని జ్వరము వచ్చినది. 1859లో దళమును తీసివేసిరి. ఇంగ్లీషువారి సమాధులు కొన్ని అడవిచెట్ల నడుమ మిగిలినవి.

కోట పాడుపడినను కొండక్రింది ఊరు పాడుపడలేదు. ఆ కొండ అడవిలో పెరుగు తెల్లపొణికి కర్రతో అక్కడివారు బొమ్మలు చెక్కుచున్నారు. అంబారీ ఏనుగు, దశావతారములు, కల్లుగీత కార్మికుడెక్కిన తాడిచెట్టు. మన యిండ్లలో సంక్రాంతి కొలువున పెట్టు అంబారీ ఏనుగు ఒకనాడు ఆ మూడు ద్వారములగుండ నడచినదే కావచ్చును. ఆ కర్ర తేలిక. అడవి తరిగినకొలది దొరకుట కష్టమగుచున్నది. ఆ చెట్లను నాటి పెంచవలసిన అవసరము కోటగోడల మరమ్మతుకంటె తక్కువది కాదని నా యభిప్రాయము.

పురావస్తు శాఖవారు ఇటీవలి సంవత్సరములలో మహలును, దారిని కొంత బాగుచేసిరి. చూడబోవువారు శీతకాలమున ఉదయమే కొండ యెక్కుట మంచిది. ఎండవేళ రాయి కాలును. త్రాగునీరు వెంట తీసికొనిపోవలయును. మహలుకడ ఆగిపోక, కోనేటిని దాటి ధాన్యపుకొట్టు వరకు నడచి, ఆ పైని బురుజుమీద నిలిచి తూర్పుగా చూడవలయును. వానకాలపు తుది దినములలోనైనచో కొండవాలున బుడమేటికి పోవు చిన్నచిన్న వాగులు కనబడును. ఆ నీరు మైలవరము వైపునుండి వచ్చు నీటితో కలిసి, ఎన్నో యూళ్లు దాటి, కొల్లేటికి, అక్కడనుండి ఉప్పుటేటిగుండ పేరంటాల కనుమను దాటి సముద్రమునకు పోవును.